ఋజువు కోసం దోనె ప్రయాణం

మావారు కోదండరామయ్యగారు ఏలూరులో బడిపంతులు. ఆదివారం ఆదివారం పఠనమందిరం వెనక గదిలో కూర్చుని, స్కూలు ఫైనలు అయిన కుర్రాళ్ళకు ఏ చదువుకు పోవాలో, ఏ ఉద్యోగానికి అర్జీ పెట్టాలో చెప్పేవారు. ఆ గదంటే ఆయనకు ప్రాణం.

పందొమ్మిదివందల ముప్పై నాలుగులో మందిరం అధ్యక్షులు నరసింహమూర్తిగారి కన్ను ఆ గది మీద పడింది. చీట్లపేకకు కావాలట. పైకి మాత్రం, "మీ సలహా వల్ల ఎవరైనా బాగుపడ్డారని ఋజువేదండీ? వచ్చే సభలో ఒక్కడిచేత చెప్పించండి, గది మీదే" అన్నారు.

"ఒక్కడేమిటి, బండెడు మందిని తెస్తాను" అంటూ ఈయన ఇంటికొచ్చారు. నన్నూ బయల్దేరదీశారు.

ముందు కొల్లేటి లంకలో చిన్నరాజు ఇంటికి. చేపలు పట్టే ఇంట పుట్టిన ఆ కుర్రాణ్ణి ట్రైనింగుకు పంపించి మాస్టరును చేసింది ఈయనే. ఎండకు మాడుతూ దోనెలో వెళ్ళాం. చిన్నరాజు ఇంట్లో లేడు. వాళ్ళమ్మ తాయారమ్మ వల బాగుచేసుకుంటోంది.

"ఉద్యోగమాండీ? పెద్దింట్లమ్మ తల్లి ఇచ్చిందండీ" అంది.

"ట్రైనింగుకు పంపమన్నది మావారు కాదూ?" అన్నాను.

"అన్నారండమ్మా. ఊళ్ళో తలా ఒకటి అన్నారు. మేకపోతునిచ్చింది మాత్రం నేనే కదండీ. మావోడు సభకెక్కి మాస్టారి వల్లే అంటే అమ్మవారు ఊరుకుంటదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన తాపీగా ఆవిడిచ్చిన ముంజలు తింటూ తలూపారు.

తాడేపల్లిగూడెం స్టేషనులో గుమస్తా కనకరాజు ఇంటికీ వెళ్ళాం. రైల్వేకు అర్జీ పెట్టించింది ఈయనే. "మా పిల్ల కాలుపెట్టిన వేళండీ" అంది వాళ్ళత్తగారు. కనకరాజు నేలచూపులు చూశాడు.

తిరుగు రైలు కోసం నిలబడి ఉంటే రామకోటి ఎదురయ్యాడు. ఈయన మాట విని టైపు నేర్చుకుని బియ్యం మిల్లులో చేరాడు. ధాన్యం ధర పడిపోయి మిల్లు మూతపడింది.

"మీ మాట విని ఇలా అయిపోయానండీ మాస్టారూ! ఈ మాట ఎక్కడ చెప్పమన్నా చెబుతాను."

"అయితే సభకు రా" అన్నారు ఈయన. చెయ్యి గిల్లాను. వినలేదు.

సభకు వచ్చింది రామకోటి ఒక్కడే. "నా బతుకిలా అవడానికి మాస్టారి సలహానే కారణమండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన లేచి, "నా మాటకు ఫలితం ఉందని తేలింది కదండీ!" అన్నారు. గది పోయింది.

"మీకు బుద్ధుందాండీ?" అన్నాను ఇంటికొచ్చాక.

"మంచయితే అమ్మవారు, చెడయితే నేను. నా పేరు చెప్పినవాడు వాడొక్కడే కదా, కాంతం!"

మళ్ళీ ఆదివారం పొద్దున్నే రామకోటి మా అరుగు మీద ఉన్నాడు, బావమరిదిని వెంటబెట్టుకుని.

"నన్నెటూ చెడగొట్టారు. వీడి సంగతి చూడండి మాస్టారూ."

"ఏం, అమ్మవారిని అడగలేకపోయావా?" అన్నాను.

"మొక్కామండీ. ఏ స్కూల్లో చేరాలో ఆవిడ చెప్పదు కదండీ."

ఈయన అప్పటికే కండువా సర్దుకుని వాళ్ళకు చోటిస్తున్నారు.

ఆయన పోయాక కూడా ఆదివారం వస్తే ఎవరో ఒకరు ఆ అరుగెక్కుతూనే ఉన్నారు. లేరు నాయనా అంటే, "మరెవర్ని అడగాలండీ?" అని నన్నే అడుగుతారు.