హనుమంతమ్మ రాసిన అట్టలు

"రాసేదంటే నాకేం ముచ్చట కాదప్పా. చెప్పుకునేదానికి మనిషి దొరక్క రాసినా. గోడకు చెప్తే ఊ అనదు. మా ఇంటాయనకు చెప్తే వీధి చివర దాకా వినపడేట్టు అరుస్తాడు. ఇంక యాడ చెప్పుకునేది?"

ధర్మవరంలో తన ఇంటి ముందు గట్టు మీద కూర్చుని, చేటలో ఉలవలు చెరుగుతూ హనుమంతమ్మ అంటున్న మాటలివి. వినడానికి వచ్చిన మనిషికి టీ గ్లాసు అందించి, తన పని తను చేసుకుంటూనే చెబుతోంది. ఆమెకు యాభై దాటాయి. పుట్టిల్లు పామిడి. మగ్గం ఉన్న ఇంటి నుంచి మగ్గం ఉన్న ఇంటికే కోడలుగా వచ్చింది. భర్త శ్రీరంగప్ప పట్టుచీరలు నేస్తాడు. ఆమె దారాన్ని కండెలకు చుట్టి అందించేది.

పట్టుదారం చెప్పిన మాట వినే రకం కాదు. వడగాలి రోజుల్లో మరీ పెళుసు. పోగు తెగిన ప్రతిసారీ శ్రీరంగప్ప, కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచే కేకేసేవాడు.

"ఏమ్మే, కండె చుట్టినావా, కంప చుట్టినావా? చేతులుండాయా లేవా నీకు?"

ఇంట్లో చుట్టాలున్నా అంతే, చీర చూడ్డానికి అంగడివాళ్లు వచ్చినా అంతే. హనుమంతమ్మ ఎదురు చెప్పేది కాదు. మాటలు మింగీ మింగీ అన్నం సహించకుండా పోయింది. ఒకనాడు సంచి సర్దుకుంది. పామిడి బస్సెక్కాలి, మళ్లీ తిరిగి రాకూడదు. అంతే.

పక్కింటి అర్చన ఇంటింటికీ తిరిగి బీపీ చూసే అమ్మాయి. ఆ సంచి ఆమె కంట పడింది.

"పోయేదైతే పో అత్తా, నేనేం అడ్డం రాను. పోయే ముందర నీ కష్టమేందో ఒకసారి రాసి చూడు. ఎవరికీ చూపించే పన్లేదు."

"ఏడో తరగతితో ఆపినదాన్నే. తప్పులు పోతాయి."

"దిద్దేదానికి ఎవరొస్తారు ఈడికి?"

ఇంట్లో వెతికితే కాగితం దొరకలేదు. చేతికందింది జకార్డు అట్ట. చిల్లులు కొట్టిన అట్టలను దండలా కట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి. అవి ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే కింద అంచు మీద నెమలి దిగుతుంది. ఏదైనా చిరిగితే మార్చుకోవడానికని చిల్లులు లేని ఉత్త అట్టలు కొన్ని అటక మీద ఉంటాయి. సన్నటి అట్ట. రెండు వరుసలు రాస్తే మూడో వరుసకు చోటుండదు.

"ఆ ఇరుకే నాకు మేలు చేసింది" అంది హనుమంతమ్మ. "పెద్ద కాగితమైతే మా అత్త కాలం నుంచి మొదలుపెట్టి తిట్టిపోసుందును. ఈడ రెండే వరసలాయె. తిట్లు రాస్తే కష్టం రాసేదానికి చోటు చాలదు."

మొదటి అట్ట మీద మాత్రం తిట్టే రాసింది. 'ఈ మనిషి నోరు మగ్గం కంటే ఎక్కువ ఆడ్తాది.' రాశాక కడుపులో కొంచెం చల్లగా అనిపించింది. ఆ రోజుకి బస్సు పోయింది. మర్నాడు ఇంకొకటి రాసింది, తర్వాత ఇంకొకటి. కొన్నాళ్లకు 'చుట్టేది తప్ప నాకేమీ రాదనుకుంటాడు' అని రాసి ఆగిపోయింది. ఆయన అనుకోవడమేమిటి, నిజంగానే రాదు కదా! ఎందుకు రాలేదు?

పామిడిలో నాయన ఆమె అన్నదమ్ములను కూర్చోబెట్టుకుని నేత నేర్పించాడు. ఆమె గుంటలో కాలు పెట్టబోతే, "లెయ్యి, నీకు కండెలు చాలు" అన్నాడు. ధర్మవరంలో ఎంతోమంది ఆడవాళ్లు నేస్తారు. ఈ ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తినవాళ్లే లేరు, ఆమెతో సహా. ఇంకో అట్ట తీసుకుని ఒకే ఒక్క వరుస రాసింది. 'నాకు నెయ్యాలని ఉండాది.'

"రాసి దాన్నే చూస్తా కూచున్నా. పామిడికి పోతే ఆడ నాకు మగ్గం ఎవరిస్తారప్పా? ఆయప్ప అరిచేది ఒక కష్టమే, కాదనను. దాని కింద ఇంకోటి ఉండాదని నాకే తెలీదు."

తెలిసింది సరే, ఆయనతో అనడానికి మాత్రం నోరు రాలేదు. అట్టలన్నీ ఉత్త అట్టల కట్టలోనే దోపి అటక మీద పెట్టేసింది. అదే పొరపాటు. ఒక పొద్దున మగ్గం మీద అట్ట చిరిగింది. శ్రీరంగప్ప కట్టలోంచి ఒకటి లాగి, చిరిగినదాన్ని పైన పెట్టి చిల్లులు కొట్టి దండలో కట్టేశాడు. అద్దాలు పెట్టుకోలేదు. అయినా అట్ట చేతికొస్తే నేతగాడు చిల్లులు చూస్తాడు గానీ రాతలు చూస్తాడా?

రాతలు చూసినవాడు పట్టుచీరల అంగడి భరత్‌కుమార్. నేత ఎంతవరకు వచ్చిందో చూడ్డానికొచ్చి, మగ్గం పక్కన నిలబడి పైకి చూశాడు. చిల్లులు పడ్డచోట అక్షరాలు కొన్ని పోయినా మాట పోలేదు. చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"శ్రీరంగన్నా, కొత్త డిజైన్ బాగుండాదప్పా! నీ నోరు మగ్గం కంటే ఎక్కువ ఆడ్తాదంట!"

అతను పోయాక శ్రీరంగప్ప ఆ అట్ట విప్పుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇంకెన్ని రాసినావు?"

ఆమె కట్ట తెచ్చి ముందర పడేసింది. "చదువుకో."

"నాకు కనపడదు. నువ్వే చదువు."

చదివింది. తన తిట్లు తనే గట్టిగా చదువుతుంటే ఒకటి రెండు చోట్ల ఆమెకే నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. చివరి అట్ట దగ్గర ఆగింది. ఇది పక్కన పెట్టేస్తే ఎవరికీ తెలియదు. మళ్లీ రేపటి నుంచి కండెలే. అయినా ఆ వరుస కూడా చదివేసింది.

శ్రీరంగప్ప ఆ అట్టను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నా నోటి మీద ఇన్ని రాసినావు. దీని మీద ఒకటేనా?"

"ఈ ఒకటి దొరికేదానికే అయ్యన్నీ రాసినా."

"అడిగుండొచ్చు గదా."

"అడిగితే ఏమనుందువు?"

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "నవ్వుందును" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన గుంటలో కూర్చోలేదు. పక్కకు జరిగి, "దిగు. కాళ్లకు తొక్కేది ముందర నేర్పు, చేతులు తర్వాత" అన్నాడు. ఆమె నేసిన మొదటి మూర పాములా మెలికలు తిరిగింది. విప్పి మళ్లీ నేసింది, మళ్లీ విప్పింది. ఇప్పుడు పొద్దున పూట ఆమె నేస్తుంది, ఎండ ఎక్కాక ఆయన దిగుతాడు. ఆమె గుంటలో ఉన్నంతసేపూ కండెలు చుట్టేది ఆయనే. ఆయన అరవడం పూర్తిగా మానలేదు. ఇప్పుడు ఆమె కూడా ఊరుకోవడం లేదు.

"ఆయప్ప చుట్టేది వదులుగా ఉంటాదప్పా. పోగు తెగిందంటే నా నోరు నాకే ఆగదు" అని హనుమంతమ్మ నవ్వి, చేట పక్కన పెట్టి లేచింది. లోపల సగంలో ఆగిన చీర ఉంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"నువ్వు బజారు మీదనే గదా పోయేది? అట్టలు కొట్టే జయచంద్ర ఇల్లు దోవలోనే. ఉత్త అట్టలు ఒక కట్ట పంపీమని చెప్పి పో. నాకు కాదులే, మా ఇంటాయనకు. ఆయప్ప కూడా రాస్తాడంట, నా నోటి మీద. కొంచెం పెద్ద కట్టే పంపీమను."