అక్క మీద కట్టిన పాట

నా చిన్నప్పుడు శామీర్‌పేటలో మా పక్కింటి పెద్దమ్మ పాట లేనిదే ఏ ఇంట్లోనూ పెళ్లికి పసుపు దంచేవారు కాదు. ఎవరి పెళ్లయితే వాళ్ల మీద కొత్త పాట కట్టేది. అది ఆమెకు పుట్టుకతో వచ్చిందనీ, ఇంకొకరికి రాదనీ అందరూ అనుకునేవారు. నేనూ అదే నమ్మాను.

నాకు పదకొండేళ్లప్పుడు మా అక్కకు గుండ్లపోచంపల్లి సంబంధం కుదిరింది. నాయిన చేపల వేటకు, అమ్మ కూలికి పొద్దున్నే వెళ్లిపోయేవారు కాబట్టి నన్ను పెంచింది అక్కే. ఆమె మీద పాట కట్టమని పెద్దమ్మను అడిగాను. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, "అక్క నీదాయె. నువ్వే కట్టు, నేను నేర్పుత" అంది.

నాకు రాదన్నాను.

"నాకు పుట్టంగనే వచ్చిందా? మా అత్త నా పాటలు ఇని మస్తు నవ్వేది. నవ్వినా నేనిడువలే."

మర్నాడు అక్కను చందమామతో, మల్లెపువ్వుతో పోలుస్తూ పాడి వినిపించాను. పెద్దమ్మ నవ్వలేదు. "గీ అక్క ఎవ్వలక్కనో. మీ అక్క ఏది బిడ్డా? రేపు పొద్దంత ఆమెనే సూడు. సూసిందే జెప్పు" అని పంపేసింది. ఏడుపొచ్చింది. పసుపు దంచే రోజుకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి.

అయినా చూశాను. అక్క రొట్టెలు చేస్తూ, మాడినవి తనవైపు జరుపుకుని మెత్తనివి నాకు పెట్టింది. రోజూ అంతేనని అప్పుడు తట్టింది. పరుగెత్తుకెళ్లి చెప్పాను. పెద్దమ్మ నా చేతికి రోకలిచ్చి, దంచుతూ ఆ మాటే పాడమంది. సగంలోనే ఊపిరి అయిపోయింది.

"రోకలి పోటు పడ్డకాడ మాట పడాలె. ఎక్కువైంది తీసెయ్."

మిగిలిన రోజులన్నీ తీసేస్తూనే ఉన్నాను. చేతులు బొబ్బలెక్కాయి.

పసుపు దంచే రోజు పెద్దమ్మ రోకలి పట్టింది గానీ పాట మొదలుపెట్టలేదు. నావైపు చూసి తలూపింది. నేనే ఎత్తుకున్నాను:

మాడిన రొట్టె నీదాయె అక్కా
మెత్తని రొట్టె నాదాయె అక్కా

అమ్మ చేతిలో రోకలి ఆగిపోయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. అక్క తల వంచుకుంది. పెద్దమ్మ 'అక్కా' అని అందుకుంది, తర్వాత ఆడవాళ్లంతా అందుకున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ పోటు వేసింది.

ఇప్పుడు బౌరంపేట్‌లో మా కాలనీ పిల్లలకు ఆదివారాలు పాటలు కట్టడం నేర్పుతున్నాను. నేర్పితే వస్తుందా అని వాళ్ల తల్లిదండ్రులు అడుగుతారు. వస్తుంది, కానీ కట్టినదాన్ని కొట్టేసి మళ్లీ కూర్చోవాలి అంటాను. అది వాళ్లకే కాదు, నాకూ తప్పదు. నిన్న రాసిన పాటలో రెండు చరణాలు ఇవాళ పొద్దున కొట్టేశాను. కాగితం నా ముందే ఉంది, మళ్లీ మొదలుపెడుతున్నాను.