పెద్దపాప చంకలో ముంత

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నాను, నవ్వుకోండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ని. ఎంత మంచి రోజులవి! పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ. సాయంత్రం పెన్న ఇసుకలో కబుర్లు. ఇప్పటికీ ఆ ఇసుక కాళ్లకు తగిలినట్టే ఉంటుంది.

అప్పటికి ఎనభై ఏళ్ల కిందటి ధాత కరువులో చనిపోయినవాళ్ల గుర్తుగా ఒక బొమ్మ పెట్టాలని ఊరి పెద్దలు అనుకున్నారు. పని నాకు అప్పగించారు. గంజి కోసం నిలబడిన తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, తలా ఒక ముంత. అలాగే పెన్సిలుతో గీశాను, ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

కమ్మీలు కట్టి, సిమెంటు మెత్తి, నేనూ మేస్త్రి మస్తానూ నెల రోజులు కష్టపడ్డాం. చిన్నపాప వేళ్ల మధ్య ముంత అతికించింది నాకు బాగా గుర్తు. తరువాత తడి గోనెపట్టలు చుట్టి, పది రోజులు నీళ్లు పోశాం.

పట్టలు విప్పిన రోజు చూస్తే కట్టిన తాళ్లు కట్టినట్టే ఉన్నాయి. చిన్నపాప చేతులు మాత్రం ఖాళీ. విరిగిన గుర్తు కూడా లేదు. పెద్దపాప చేతిలో ఒక ముంత, చంకలో ఇంకొకటి.

"ఏంది అయివారూ ఇది! చిన్నదాని చేతిలో పెట్టింటిమి గదా. నేను ఈడే ఉండి చూసినా" అన్నాడు మస్తాను.

ఎండకు ఇద్దరికీ బుర్ర తిరిగి ఉంటుందని దబాయించాను. ఆవిష్కరణ లోపు సరిచేద్దాంలే అనుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం మా జేజి, అంటే మా నాయన తల్లి, కళ్లు చూపించుకోవడానికి పల్లె నుంచి వచ్చింది. ధాత కరువు నాటికి ఆమె చిన్నపిల్ల. మా ఊరు వచ్చేనాటికి చూపు దాదాపు పోయింది. మనవడి పనితనం గొప్పగా చూపిద్దామని బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చిన్నపాప ఖాళీ చేతుల మీదుగా తడుముతూ వచ్చి, పెద్దపాప చంక దగ్గర ఆగింది. అక్కడే కూలబడింది.

"ఎవరు చెప్పినార్రా నీకు? అది చిట్టెమ్మ ముంత. నా చెల్లెలిది. నేనే గుంజుకొని తాగినా నాయనా. తెల్లారేతలికి సచ్చిపోయింది. మీ నాయనకు గూడా ఎప్పుడూ చెప్పలే."

జేజికి ఒక చెల్లెలుండేదన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ ముసలి ప్రాణం ఇన్నేళ్లు ఎలా మోసిందో అని ఏడుపొచ్చింది.

జేజి నా చెయ్యి పట్టుకుని అంది: "దానిది దానికియ్యరా."

ఉలితో ఆ ముంతను విడదీశాను. మస్తాను సిమెంటు కలిపాడు. జేజి తన చేతులతోనే దాన్ని చిన్నపాప వేళ్ల మధ్య పెట్టి, సిమెంటు బిగిసేదాకా పట్టుకుని నిలబడింది. నీడకు రమ్మని ఎంత చెప్పినా వినలేదు.

"తాగు తల్లీ. ఎవరూ గుంజుకోర్లే" అంటూనే ఉంది.

జరిగిందంతా చెప్పినా, ఆ ముంత అలా ఎలా మారిందని జేజి ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్లయినా నన్ను నేనే అడుగుతుంటాను.