సంచిలో గ్రహశకలాలు

బహ్రెయిన్‌లో ఏసీలు పెట్టేవాళ్ళ మీద నాకొక పాత ఫిర్యాదు ఉంది. బయట ఎండకు చెప్పులు రోడ్డుకు అంటుకుంటుంటే, సీఫ్ ప్రాంతంలో ఏ మాల్‌లోకి అడుగుపెట్టినా స్వెట్టర్ గుర్తొస్తుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో వాతావరణం ఉంటుందని వీళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

కాలేజీ ప్రోగ్రామింగ్ పోటీకి నేనూ, మా జగిత్యాల మిత్రుడూ తయారైంది విమానాశ్రయం పక్కనే అరాద్‌లో ఉన్న వాళ్ళింట్లో. అక్కడి ఏసీ శబ్దం వరకే బాధ్యత తీసుకునేది. మేం కట్టవలసింది గ్రహశకలాల క్షేత్రం. తెర మీద అంతరిక్షంలో రాళ్ళు తిరుగుతుండాలి, వాటి మధ్యనుంచి ఒక నౌక తనంతట తానే తప్పించుకుంటూ అవతలికి చేరాలి. గెలిచిన జట్టుకు ఆఖరి ఏడాది ప్రాజెక్టు మాఫీ. మావాడికి ఆ మాఫీ కావాలి. సీఫ్‌లో ఒక ఆఫీసువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, డిగ్రీ వెంటనే చూపిస్తేనే. ప్రాజెక్టు మొదలుపెడితే డిగ్రీ ఇంకో టర్ము వెనక్కి జరుగుతుంది. వాళ్ళు అంతకాలం ఆగరు.

నౌక అతని వంతు, రాళ్ళు నా వంతు.

"రాళ్లకు టైం లెక్క కట్టవా వారీ?" అన్నాడొక సాయంత్రం.

"ఎందుకురా బాబూ? ఎంత హుందాగా వెళ్తున్నాయో చూడు."

కిటికీలోంచి కనబడే విమానాలు ఎంత నింపాదిగా దిగుతాయో చూసి, కంటి అంచనాతో వేగం కుదిర్చాను. తెర మీద బొమ్మ మారినప్పుడల్లా రాయి కాస్త జరగాలి, అంతే. యంత్రం చురుగ్గా ఉంటే బొమ్మలు త్వరగా మారతాయి, రాళ్ళూ పరుగెడతాయి. కానీ ఆ గది వేడికి మా ల్యాప్‌టాప్ ఆపసోపాలు పడుతుండేది. దాన్ని చురుకుదనం విషయంలో ఎవరూ అనుమానించలేదు.

పోటీ హాలు సీఫ్ పద్ధతిలో చల్లగా ఉంది. ల్యాప్‌టాప్ జన్మలో మొదటిసారి సుఖపడి, తన సత్తా చూపించింది. రాళ్ళు వడగళ్ళలా వచ్చిపడ్డాయి. న్యాయనిర్ణేతగా వచ్చిన బహ్రెయినీ మేడమ్ కళ్ళజోడు పెట్టుకునేలోపే నౌక పోయింది. కూలితే మళ్ళీ దానంతటదే బయలుదేరేట్టు రాశాం కాబట్టి, వెంటవెంటనే ఇంకా చాలాసార్లు పోయింది.

"గిట్ల ఉరుకుతున్నయేంది? నీ ఇమానాలు ఏడవోయినయ్?" అన్నాడు మావాడు పళ్ళబిగువున.

"చలికిరా. వేడెక్కితే సర్దుకుంటాయి."

నేను మాటవరసకన్నాను. అతను నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను అలాగే సంచిలో దించి, ప్రొజెక్టర్ తీగ బయటికి వదిలి, జిప్పు లాగాడు.

"సంచిలో ఏం జరుగుతోంది?" అన్నారు మేడమ్.

"ఉష్ణోగ్రత నియంత్రణ," అన్నాను. ఆవిడ రాసుకున్నారు.

కాసేపటికి రాళ్ళు నెమ్మదించాయి. నౌక ఒక్కో రాయినీ కుశలమడుగుతున్నట్టు పక్కనుంచి జరుగుతూ అవతలికి చేరింది. హాలంతా చప్పట్లు. మేడమ్ కూడా కొట్టారు. తర్వాత, గది చల్లబడినంత మాత్రాన విశ్వం తొందరపడకూడదు కదా అని మెత్తగా చెప్పి, పక్క బల్లకు వెళ్ళారు. బహుమతీ ఆ బల్లకే వెళ్ళింది.

బయటికొచ్చాక, మాకు పడినన్ని చప్పట్లు గెలిచినవాళ్ళకు పడలేదని గుర్తుచేశాను. మావాడు సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సీఫ్ ఆఫీసోళ్లకు నువ్వే ఫోన్ చేసి చెప్పు."