బామ్మర్ది హోదా

మన రాష్ట్రం అప్పటికి ఇంకా కొత్తది, నేను అంతకంటే కొత్త చరిత్రకారుణ్ణి. ఆ రోజుల్లో ఎం.ఏ. పట్టా చేతికి రాగానే, నల్లమల మీద చెంచులకున్న హక్కుల గురించి పరిశోధన మొదలుపెట్టాను. (అప్పటికి నేను చూసిన అడవల్లా మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే రైలు కిటికీలోంచి కనబడేదే.) చెంచుగూడెం పెద్దాయన నోట పాత హద్దుల సంగతి వినకపోతే నాకు థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే లెక్చరర్ ఉద్యోగమూ లేదు. అందుకని అటవీశాఖ ముద్ర వేసిన అనుమతి కాగితం జేబులో పెట్టుకుని దర్జాగా కొండెక్కాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆఫీసాయన ఇచ్చినాడు, సరే. మమ్మల్ని ఎవుర్ని అడిగి వచ్చినావు నాయనా?" అన్నాడు. నేను ఇరవై ప్రశ్నలు రాసిపెట్టుకున్న కాగితం కూడా తీసి చూపించాను.

ముందు తేనె పని చూసుకోవాలంటూ ఆయన కొండ అంచుకు నడిచాడు, నేనూ వెంటబడ్డాను. ఆయన కొడుకు తేనెపట్టు కోయడానికి నడుముకు తాడు కట్టుకుని లోయలోకి దిగబోతున్నాడు. సాయం చేస్తే పెద్దాయన మెత్తబడతాడని నేను గబగబా వెళ్ళి తాడు రెండో కొస అందుకున్నాను. అంతే, అక్కడున్న గూడెం వాళ్ళందరూ ఒకటే కేకలు! "నేను దిగను" అని ఆ కొడుకు అంచునే చతికిలబడ్డాడు.

"ఏంది, నాకు బలం లేదనా?" అన్నాను రోషంగా.

"బలం ఎవురిక్కావాల సారూ? తాడు పట్టాల్సింది బామ్మర్ది. సొంత తమ్ముణ్ణి గూడా నమ్మం. బామ్మర్దయితే అక్క బతుకు పోతాదని వదల్డు" అన్నాడు పెద్దాయన. తర్వాత నవ్వి, "పట్టనే పట్టినాడు గదా, వరస కలుపుదాం" అంటూ కోడల్ని పిలిచాడు. ఆమె నన్ను కిందా మీదా చూసి, "సన్నగుండాడు, సరే తమ్ముడే కానీలే. మరి అక్కకు ఏం తెచ్చినావు?" అంది. భుజం మీది కొత్త తువ్వాలు ఇచ్చేశాను. ఆమె సొంత తమ్ముడైన అసలు బామ్మర్ది వెనక నిలబడి నేనూ తాడు పట్టుకున్నాను. "కొత్త బామ్మర్దీ, వదలబాక!" అని లోయలోంచి కేక. ఆ పిలుపుకు నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది.

తేనె పైకొచ్చింది. నా చేతిలో ఇంత తేనెపట్టు పెట్టి, నేను ఒక్క ప్రశ్నైనా అడక్కముందే, పెద్దాయన వాగు వాగుకూ గుట్ట గుట్టకూ హద్దులు చెప్పుకుంటూ పోయాడు. థీసిస్ చూసిన మా గైడు, "దీనికి ఆధారమేమిటి?" అన్నారు. "మా బావ వాళ్ళ నాయన సార్" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి చాలాసేపు నవ్వారు గానీ, డిగ్రీ మాత్రం వచ్చింది.

ఆ తర్వాత సార్వభౌమాధికారం మీద లావుపాటి పుస్తకాలు చాలానే రాశాను. ఆ రోజు మాత్రం, ఆ నేల సొంతదారులు తమ చట్టం ప్రకారం నన్ను లోపలికి రానిచ్చారని తెలుసుకోలేక, వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. కుర్రాణ్ణిగా ఉన్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఎన్ని సభల్లో శాలువాలు కప్పినా, మళ్ళీ నన్నెవరూ అట్లా చుట్టాన్ని చేసుకోలేదు.