మైసర కాల్చిన కూజాలు

మా అన్న కూతురు మైసర నాబ్లుస్ పట్నంలో మట్టిపని చదువుకొచ్చి, మా ఊరి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరింది. చక్రం మీద టీ కప్పులు చేయించుకుంటూ హాయిగా జీతం తీసుకోవచ్చు. అలా చేస్తే అది మా ఇంటి పిల్ల ఎందుకవుతుంది? చక్రాన్ని మూలకు నెట్టి, మా అమ్మల కాలంలోలాగా మట్టి చుట్టలు పేర్చి చేత్తో చేసే నీళ్ళ కూజాలే నేర్పిస్తానంది. నేర్పడానికి తనకెవరు నేర్పుతారు? ప్లాస్టిక్ డబ్బాలొచ్చాక ఊళ్ళో ఆ పని ఆగిపోయింది, తెలిసినవాళ్ళంతా మట్టిలో కలిసిపోయారు. నేను మా అమ్మకు పిడకలు మోశానే గానీ మట్టి ముట్టుకోలేదు. నాది సూది పని. అందులో నా పక్కన నిలబడేవాళ్ళు ఈ కొండల్లో లేరు.

కూజాలు ముచ్చటగానే వచ్చేవి. బడి పెరట్లో పేర్చి, పిడకలూ ఆలివ్ పిప్పీ కప్పి నిప్పు పెడితే మాత్రం లోపల టపటపా పగిలేవి. రెండుసార్లు అదే గతి. రెండుసార్లూ మైసర ముఖం మాడ్చుకుని పెంకులు గోడవతల పారబోసింది.

"మూడోసారీ పగిలితే ఈ మట్టిపని గది కంప్యూటర్లకు ఇచ్చేస్తాను. తల్లులు నన్ను తినేస్తున్నారు," అంది పెద్ద పంతులమ్మ అఫాఫ్.

మైసర తిన్నగా మా ఇంటికొచ్చింది. మా అమ్మ చేసిన కూజా ఒకటి మూతి విరిగి అలమరలో ఉంది. ఆ విరిగిన అంచును కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

"అత్తా, ఈ ఎర్ర పలుకులు చూడు. ఇసుక కాదు. మట్టి మంటకు పగలకుండా కాలిన కుండను దంచి కలిపారు."

"మా అమ్మ ఎప్పుడూ ఏదో దంచుతూనే ఉండేది. నాకెందుకులే అని అడగలేదు."

"మన వాళ్ళు పగిలిన కూజా పారేసేవాళ్ళు కాదన్నమాట."

"అలాగని దీన్ని దంచావంటే నీ వేళ్ళు విరుస్తాను."

"నీ కూజా ఎవరిక్కావాలే, అత్తా. నావి గోడవతల గుట్టగా పడున్నాయి."

పిల్లలందరూ ఆ పెంకులే ఏరుకొచ్చారు. రోళ్ళు మోగాయి. ఆ పొడి కలిపి, తొక్కి, మళ్ళీ కూజాలు చేసి నీడలో ఆరబెట్టారు.

మూడో మంటకు తల్లులంతా వచ్చారు, తమాషా చూడ్డానికి. గొణుగుడులో అందరికీ పెద్ద ఇబ్తిహాల్ నా ముందే, "మళ్ళీ పెంకులే," అంది. నేను, "నీ నోట్లో పెడతా," అన్నాను. మంట లేచింది. చెవులు రిక్కించి కూర్చున్నాం. టప్ మన్న చప్పుడు ఒక్కటి లేదు.

బూడిద చల్లారాక మైసర మొదటి కూజాను తీసి వేలితో కొట్టింది. ఖంగున మోగింది. రెండోదీ, మూడోదీ మోగాయి. నా గొంతులోంచి, పెళ్ళిళ్ళలో నాలుకాడిస్తూ వేసే కూత దానంతటదే లేచింది, ఆడవాళ్ళంతా అందుకున్నారు.

అఫాఫ్ కళ్ళద్దాలు తుడుచుకుని, "కంప్యూటర్లు నా గదిలో పెట్టుకుంటాను," అంది.

ఇబ్తిహాల్ తన కూతురు చేసిన కూజా ఏదో అడిగి, నెత్తిన పెట్టుకుంది. వాళ్ళ ఇల్లు బడి వెనకే. అయినా ఆవిడ బజారు వీధంతా చుట్టి ఇంటికి వెళ్ళింది.