సీరీస్ బల్బు వెలిగినంతసేపు

మా బావ పోయాడు. వైజాగ్ ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసేసరికి నేను రాజాంలో మా రిపేరు కొట్లో, ఆయన బెంచీ దగ్గరే ఉన్నాను. "తమ్ముడూ, మీ బావ ఇంక రాడ్రా" అంది, అంతే. ఏడాదిగా ఆయాసంతో నలిగిన మనిషి. ఆసుపత్రి మెట్లు ఎక్కీ దిగీ నేనూ అక్కా కూడా నలిగిపోయాం. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే ఏడుపు రాలేదు. ఎదురుగా చర్చి ఆంప్లిఫయర్, ఆయన మూత తీసి ఎలా వదిలాడో అలాగే ఉంది.

సాలూరు, గజపతినగరం వైపు మైకుసెట్లు కట్టేవాళ్ళకి మా బావని పరిచయం చెయ్యక్కర్లేదు. పాడైన ఆంప్లిఫయర్ని, మా మాటలో మిషన్ని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. తెచ్చిన ప్రతివాడూ మొదట అనే మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే పాడింది మేస్త్రీ." ఆ మాట వింటే బావకి ఒళ్ళు మండేది. "సచ్చినోలందరూ నిన్నటిదాకా బాగున్నోలే. ఇయ్యాల ఏటైనాదో సెప్పు" అనేవాడు. బావని పూడ్చిన రోజు సమాధుల దగ్గర ఎవరో ముసలాయన "నిన్నటిదాకా బాగానే మాటాడినాడమ్మా" అని అక్కతో అంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది.

ఆయన పనిలో ముందు ముక్కు, తర్వాతే మీటరు. మూత తీసి వాసన చూసి ఏది కాలిందో చెప్పేవాడు. కరెంటున్న మిషన్లో కుడిచెయ్యి పెడితే ఎడమచెయ్యి వీపు వెనక్కి పోవాల్సిందే. రెండు చేతులూ పెడితే షాకు గుండెలోంచి పోతుందని భయం. "ఒక సెయ్యి పనికి, ఒక సెయ్యి పెళ్ళానికిరా. పెళ్ళాం సెయ్యి లోపలెట్టకు" అని నన్ను తిట్టేవాడు. రానురాను టీ తాగుతున్నా, చర్చిలో పాట పాడుతున్నా ఆ చెయ్యి వెనకే ఉండేది. శవపెట్టెలో రెండు చేతులూ ఛాతీ మీదికి చేర్చి పడుకోబెట్టారు. నాకది మా బావలా అనిపించలేదు.

బెంచీ పైన గోడకి ఒక పాత గుండు బల్బు ఉంది. బాగుచేసిన మిషన్ని నేరుగా కరెంటుకి కలపకుండా ముందు ఆ బల్బు గుండా ఇచ్చేవాడు. దాన్నే సీరీస్ బల్బు అంటాం. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, కొత్తగా వేసిన సామాను కాలకుండా బతుకుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి వెలిగి, మెల్లగా తగ్గి, లోపల ఎర్రటి దారంలా మిగులుతుంది. "ముందు బల్బునడుగు. అది ఒప్పుకుంటేనే కరెంటు" అనేవాడు.

ఆ చర్చి మిషనే ఆయన్ని చివరి రోజుల్లో తినేసింది. సంఘపెద్ద తన తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చిన మిషను అది. మా వైపు పేరు వేయించకుండా ఎవరూ ఏదీ ఇవ్వరు. ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద తాతగారి పేరు గిర్రున తిరగాల్సిందే. దీనికీ ముందువైపు రెండు బెజ్జాలు వేసి పేరు చెక్కిన రేకు బిగించారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆరాధన మధ్యలో, శబ్దాన్ని పెంచి బాక్సులకి పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పేలాయి. బావ మార్చాడు. కొట్లో రోజంతా పాడింది, చర్చికి వెళ్ళి మళ్ళీ పేలింది. మళ్ళీ మార్చాడు, మళ్ళీ అదే కథ. "మేస్త్రీకి సెయ్యి పోనాదిరా" అని ఊళ్ళో అనుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడనివ్వకుండా ఉండాల్సింది, కానీ మనుషుల నోళ్ళు మూయగలమా?

"పేలినోడు దొరికినాడు గానీ, పేల్చినోడు ఇంకా లోపలే ఉన్నాడ్రా" అనేవాడు బావ, ఊపిరి అందకపోయినా. కొత్త ట్రాన్సిస్టర్లు వేసి, కరెంటు ఇచ్చి చూడకముందే ఆసుపత్రికి వెళ్ళాడు. ఇక రాలేదు.

బావ జ్ఞాపకార్థం చర్చిలో ఆదరణ కూడిక ఆదివారం పెట్టారు. సంఘపెద్ద బయటినుంచి మైకుసెట్టు తెప్పిస్తానన్నాడు. మంచితోనే అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "ఆయన సెయ్యి పోనాదని అన్నారు కదా. ఆ మిషనే పలకాల" అంది. తర్వాత నావైపు తిరిగి, "నీవల్ల అవుతాదేటి?" అని అడిగింది. అవుతుందని అన్నాను. ఎలా అవుతుందో నాకే తెలీదు.

శనివారం మధ్యాహ్నం మిషన్ని బెంచీ మీద పక్కకి పడుకోబెట్టి, బల్బు గుండా కరెంటు ఇచ్చాను. బల్బు వెలిగి, తగ్గింది. బావ పనిలో వంక లేదు. గంటసేపు పాటలు పెట్టాను, పాడింది. అయితే నాకేం సంతోషం? కొట్లో ఎప్పుడూ పాడుతుంది, పేలేది చర్చిలోనే. ప్రతి అతుకూ మళ్ళీ చూశాను. ఏమీ దొరకలేదు. ఇంక ఓపిక లేదు. దేవుడి మీద భారం వేసి పంపేద్దామనుకుని, స్విచ్చి ఆపడం కూడా మరిచిపోయి మిషన్ని లేపి నిలబెట్టాను. బావ ఉంటే వీపు పగిలేది.

నిలబెట్టగానే బల్బు నిండుగా వెలిగింది.

గబుక్కున పడుకోబెట్టాను. తగ్గింది. మళ్ళీ నిలబెట్టాను. వెలిగింది. ఓలమ్మో అనుకున్నాను. మా బెంచీ ఇరుకు. ఏ మిషనైనా పక్కకి పడుకోబెట్టే చూడడం మాకు అలవాటు. చర్చిలో అది నిలబడి పాడుతుంది. ప్లగ్గు పీకి, తిరగేసి తట్టాను. పక్కనే టీ గ్లాసుతో నిలబడిన అక్క గ్లాసు దించి చెయ్యి పట్టింది. ఆ అరచేతిలో ఏదో రాలింది. గోరంత లేదు, మెలితిరిగిన అల్యూమినియం రజను. పేరు రేకు కోసం బెజ్జం వేసినప్పుడు లోపల పడినది. మిషన్ని నిలబెడితే జారి ట్రాన్సిస్టర్ల కాళ్ళ మధ్య చేరి షార్టు చేస్తోంది.

"ఇదేటి, ఇదేనా?" అంది అక్క.

"ఇదే అక్కా. బావ సెప్పిన పేల్చినోడు ఈడే."

అక్క అరచెయ్యి మూసుకుని బెంచీ మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత అలసటలో అదే ఊరట.

ఆదివారం ఆ మిషను మొదటి పాట నుంచి చివరి ప్రార్థన దాకా గొంతు బొంగురుపోకుండా పలికింది. చెయ్యి పోయిందన్నవాళ్ళే వచ్చి అక్క చేతులు పట్టుకున్నారు. కూడిక అయ్యాక సంఘపెద్ద బావ పేరు చెక్కించిన కొత్త రేకు తీశాడు, డ్రిల్లు కూడా తెప్పించాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అక్క లేచి మిషనుకి అడ్డంగా నిలబడింది.

"వద్దు బాబూ. ఇంక బెజ్జాలు వద్దు. ఆయన పేరు నాకియ్యండి, నానట్టుకెల్తాను" అంది.

ఆ రేకుని కొట్లో గోడకి, బల్బు పక్కన తాడుతో కట్టాను. పని తగ్గింది, వచ్చేవాళ్ళూ తగ్గారు. అయినా ఎప్పుడైనా ఒక మిషను వస్తుంది. ఇప్పుడు దాన్ని పడుకోబెట్టీ, నిలబెట్టీ రెండు విధాలా చూస్తాను. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని స్విచ్చి వేస్తాను. బల్బు వెలుగుతుంది, బావ పేరు కనిపిస్తుంది. మెల్లగా బల్బు తగ్గుతుంది, పేరు చీకట్లోకి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోయిందంటే లోపల అంతా బాగున్నట్టే.